పోర్చుగీసు ప్రముఖుల గోడపత్రిక: ఎవరిని పెట్టాలి, పేర్లు ఎలా రాయాలి, తప్పులు ఎక్కడ దొర్లుతాయి?

గ్రంథాలయ మూల (ప్రశ్న):
హైస్కూలు పిల్లల కోసం నెలకో దేశం చొప్పున గోడపత్రిక, దాని మీద 20 ప్రశ్నల క్విజ్ పెడుతున్నాం. ఈ నెల పోర్చుగల్. చోటు 12 చార్టులకే ఉంది. ఇప్పటికి అనుకున్న పేర్లు ఇవి: వాస్కో డ గామా, మాజెల్లాన్, కమోయెన్స్, పెస్సోవా, సరమాగో, ఎగాస్ మోనిజ్, సలజార్, గుటెరస్, యూసేబియో, ఫిగో, రొనాల్డో, మౌరిన్హో.

మూడు సందేహాలు. ఒకటి, ఈ జాబితాలో ఎవరిని తీసేయాలి, ఎవరిని చేర్చాలి? రెండు, ఒకే పేరు ఒక్కో పత్రికలో ఒక్కోలా కనిపిస్తోంది, తెలుగులో ఏది సరి? మూడు, క్విజ్ పుస్తకాల్లో వీళ్ల గురించి మామూలుగా ఏయే తప్పులు వస్తుంటాయి? ఆడవాళ్లు ఒక్కరూ లేరన్న సంగతి జాబితా రాశాకే గమనించాను, ఆ లోటు కూడా తీరాలి.

అక్షరాల పుట్ట:
పేర్ల సంగతి నేను చెప్తానండి. ఇంగ్లీషు మీదుగా వచ్చిన రూపాన్ని పక్కన పెట్టి నేరుగా రాస్తే తెలుగు లిపి పోర్చుగీసుకు బాగా సరిపోతుంది. వాళ్ల త, ద మనలాగే పళ్లకు నాలుక తగిలించి పలికేవే, ట, డ కావు. కాబట్టి రొనాల్డో కాదు, రొనాల్దు. కోస్టా కాదు, కోష్త.

పదం చివరి ఒ దాదాపు ఉ అవుతుంది: సరమాగు, ఫీగు. అక్షరం చివర వచ్చే స పోర్చుగల్‌లో ష్ అవుతుంది: నూనెష్, గుతెర్రెష్. బ్రెజిల్‌లో చాలాచోట్ల అది స గానే ఉంటుంది, అందుకే ఇంటర్నెట్‌లో విన్న ఉచ్చారణ ఏ దేశానిదో చూసుకోవాలి. మౌరిన్హోలో ‘న్‌హ’ అన్నది అసలు లేదు. ఆ రెండు రోమన్ అక్షరాలూ కలిసి ఒకే ధ్వని, న్య. అంటే మొరీన్యు. అలాగే ల పక్కన హ రాస్తే ల్య. మాజెల్లాన్ అసలు పేరు మగల్యాయ్‌ష్, చివర ముక్కుతో పలకాలి. (మన తువాలు పోర్చుగీసు ‘తువాల్య’ నుంచి వచ్చిందే. మేస్త్రీ, అల్మారా, అనాస కూడా ఆ ఓడల్లో దిగినవే. చార్టు కింద ఖాళీ మిగిలితే ఈ మాటలు రాయండి, పిల్లలకు నచ్చుతాయి.)

అలాగని అన్నీ మార్చేయకండి. పత్రికల్లో స్థిరపడిన రూపం పెద్దక్షరాలతో, అసలు ఉచ్చారణ దాని కింద చిన్నగా రాస్తే చాలు. ‘మొరీన్యు’ అని మాత్రమే రాస్తే ఎవరో పోల్చుకోలేరు.

అకారాది క్రమంలో పెడితే ఇంకో చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, వాళ్లకు చివర. పైగా సాధారణంగా ముందు తల్లి వైపు ఇంటిపేరు, ఆ తర్వాత తండ్రిది. ఆంతోనియు మనుయెల్ ద ఒలివెయిర గుతెర్రెష్‌లో ఒలివెయిర తల్లిది, గుతెర్రెష్ తండ్రిది. క్రిష్తియాను రొనాల్దు దుష్ సాంతుష్ అవెయిరులో రొనాల్దు ఇంటిపేరే కాదు, రెండో పేరు. ‘రొనాల్డో వంశం’ అని రాస్తే తప్పు.

పరుగు బాట:
క్రీడల్లో నలుగురూ ఫుట్‌బాల్ వాళ్లే ఉన్నారు. ఫిగోను, మౌరిన్హోను తీసేసి కార్లోస్ లోపెస్‌ను, రోజా మోతాను పెట్టండి.

పోర్చుగల్‌కు తొలి ఒలింపిక్ స్వర్ణం ఫుట్‌బాల్‌లో రాలేదు, మారథాన్‌లో వచ్చింది. 1984 లాస్ ఏంజెలెస్‌లో లోపెస్ 2 గంటల 9 నిమిషాల 21 సెకన్లలో పరుగు ముగించాడు. అప్పటికి వయసు 37. ఆ ఒలింపిక్ రికార్డు 2008 బీజింగ్ దాకా నిలిచింది. మరుసటి ఏడాది రోటర్‌డామ్‌లో 2:07:12తో ప్రపంచ రికార్డు కూడా పెట్టాడు. రోజా మోతా 1984లో కాంస్యం, 1988 సోల్‌లో 2:25:40తో స్వర్ణం గెలిచింది. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన తొలి పోర్చుగీసు మహిళ ఆమే. 1982, 1986, 1990లో వరసగా మూడుసార్లు ఐరోపా మారథాన్ విజేత.

యూసేబియోను తప్పకుండా ఉంచండి, కానీ ‘పోర్చుగల్‌లో పుట్టాడు’ అని రాయకండి. 1942 జనవరి 25న లొరెన్సు మార్కెష్‌లో పుట్టాడు, అంటే నేటి మొజాంబిక్ రాజధాని మపుతు. 1966 ప్రపంచకప్‌లో అతని గోల్స్ 9, జట్టుకు మూడో స్థానం. క్వార్టర్ ఫైనల్లో ఉత్తర కొరియా 3–0 ఆధిక్యంలో ఉండగా ఒక్కడే నాలుగు కొట్టాడు, ఆట 5–3తో ముగిసింది. ‘అయిదూ యూసేబియోవే’ అని కొన్ని క్విజ్ పుస్తకాల్లో ఉంటుంది. అయిదోది జుజె అవుగుష్తుది.

రొనాల్డో చార్టులో బాలన్ దోర్ (ఏటా ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికి ఇచ్చే బహుమతి) గెలిచిన సంవత్సరాలు 2008, 2013, 2014, 2016, 2017 అని రాసి ఊరుకోండి. గోల్స్ లెక్క గోడ మీద రాస్తే వారంలో పాతబడుతుంది. 2016 యూరో (ఐరోపా దేశాల ఫుట్‌బాల్ పోటీ) ఫైనల్ మీద ప్రశ్న వేస్తే జాగ్రత్త: అతను 25వ నిమిషంలోనే గాయంతో బయటకు వెళ్లిపోయాడు, గెలిపించిన గోల్ 109వ నిమిషంలో ఎదెర్ కొట్టాడు.

కొలతబద్ద:
సైన్సుకు ఒక్క మోనిజ్‌తో సరిపెట్టడం నాకు బాధగా ఉంది. పెద్రో నూనెష్ (1502–1578) లేకుండా పోర్చుగీసు నౌకాయానం గురించి ఏం చెప్తాం? గామా వెళ్లాడని చెప్తాం, సముద్రంలో దారి లెక్క ఎలా కట్టాలో ఆలోచించినవాణ్ని వదిలేస్తాం.

ఆయనవి రెండు విషయాలు. మొదటిది, దిక్సూచి ముల్లుతో ఒకే కోణం ఉంచుకుంటూ ఓడ నడిపితే అది భూగోళం మీద అతిచిన్న దారిలో వెళ్లదని, ధ్రువం వైపు సుడిలా చుట్టుకుంటూ పోయే గీత మీద వెళ్తుందని 1537లో చూపించాడు. ఆ గీతను లోక్సోడ్రోమ్ అంటారు. క్విజ్ పుస్తకాలు దీన్ని తలకిందులు చేసి ‘అతిచిన్న దారి కనిపెట్టాడు’ అంటాయి. పిల్లలకు ఇలా లెక్క చూపండి: 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద సరిగ్గా ఎదురుగా ఉన్న రెండు చోట్లు తీసుకోండి. ఆ అక్షాంశం వెంటే తూర్పుగా పోతే 5400 నాటికల్ మైళ్లు. ధ్రువం మీదుగా పోతే 3600.

రెండోది నోనియస్, కోణాన్ని డిగ్రీ కంటే సన్నగా చదివే పద్ధతి. 1542లో అచ్చయిన పుస్తకంలో ఉంది. కోణం కొలిచే పావు వృత్తం పలక మీద బయటి చాపాన్ని 90 భాగాలు చేసి, లోపల ఇంకో 44 చాపాలు గీసి, వాటిని వరసగా 89, 88, 87... 46 భాగాలు చేయాలి. ముల్లు బయటి చాపం మీద రెండు గీతల మధ్య ఆగినా, లోపల ఏదో ఒక చాపం మీద సరిగ్గా గీత మీద పడుతుంది. 72 భాగాల చాపం మీద 31వ గీత అనుకోండి: 90 × 31 ÷ 72 = 38.75, అంటే 38 డిగ్రీల 45 నిమిషాలు.

ఆచరణలో ఎందుకు నిలవలేదంటే, 65 భాగాల చాపం మీద 28వ గీత 38 డిగ్రీల 46 నిమిషాల దగ్గర ఉంటుంది. 30 సెం.మీ. వ్యాసార్థం దగ్గర ఈ రెండింటి తేడా 0.1 మి.మీ. కంటికి రెండూ కలిసినట్టే కనిపిస్తాయి. పైగా 44 చాపాలనూ చేత్తో అంత కచ్చితంగా చెక్కడం కష్టం. ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ ప్రయత్నించి వదిలేశాడు. వెర్నియర్ స్కేలు 1631లో వచ్చింది, అది జరిగే పట్టీ ఉన్న వేరే పనిముట్టు. ‘వెర్నియర్‌ను కనిపెట్టినవాడు నూనెష్’ అని రాయకండి.

ఒక్క మాట, మన చరిత్ర పుస్తకాల్లోని ‘న్యూనిజ్’ ఈయన కాదు. ఆయన ఫెర్నావ్ నూనెష్, 1535–37 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న గుర్రాల వర్తకుడు. కృష్ణదేవరాయల్ని కళ్లారా చూసి రాసినవాడు పేయస్ అనే మరో పోర్చుగీసు యాత్రికుడు, 1520–22 ప్రాంతంలో. మన పిల్లలకు వీళ్లిద్దరూ నేరుగా సంబంధం ఉన్నవాళ్లు. 13వ చార్టుకు చోటు చేయగలిగితే వీళ్లకే ఇవ్వండి.

మోనిజ్ విషయంలో సాధారణంగా వచ్చే తప్పు: ఆయన 1949 నోబెల్ మెదడు రక్తనాళాల ఎక్స్‌రేకు వచ్చిందనడం. ఆ పద్ధతిని, అంటే మెడ ధమనిలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీయడాన్ని, 1927లో సాధించాడు, నేటికీ దాని వారసులు ఆసుపత్రుల్లో ఉన్నాయి. నోబెల్ మాత్రం 1935 నవంబరులో మొదలుపెట్టిన ల్యూకోటమీకి వచ్చింది: పుర్రెకు రంధ్రాలు చేసి మెదడు ముందు భాగపు తెల్ల పదార్థాన్ని కోయడం. గౌట్ (కీళ్ల జబ్బు) వల్ల ఆయన చేతులు సహకరించేవి కావు, కత్తి పట్టింది ఆయన సహచర వైద్యుడు అల్మైదా లీమా. అది ఎంతోమందికి చేసిన హాని కూడా చార్టు మీద ఉండాలి, దాచకండి. కంటి గుంట మీదుగా చేసిన పద్ధతి మాత్రం అమెరికాలో ఫ్రీమన్ అనే వైద్యుడిది, దాన్ని మోనిజ్‌కు అంటగట్టకూడదు.

గార్సియా ద ఒర్తాకు కూడా చోటు చూడండి. గోవాలో వైద్యుడు. మన దేశపు మూలికలు, మందుల మీద 1563లో గోవాలోనే సంభాషణల రూపంలో పుస్తకం అచ్చువేయించాడు. కమోయెన్స్ పద్యం తొలిసారి అచ్చయింది ఆ పుస్తకంలోనే. 1568లో పోయాడు. యూదు మతం పాటించాడన్న నేరం మోపి 1580లో ఇన్‌క్విజిషన్ (చర్చి మత విచారణ సంస్థ) ఆయన ఎముకల్ని తవ్వితీసి కాల్చింది.

పుటల చప్పుడు:
సాహిత్యంలో మీ ముగ్గురూ సరైనవాళ్లే. జాగ్రత్తలు మాత్రం చెప్తాను.

కమోయెన్స్ మహాకావ్యం ‘లుజీయదష్’ 1572లో వచ్చింది: 10 సర్గలు, 1102 పద్యాలు, ఒక్కో పద్యం 8 పాదాలు. జూన్ 10 పోర్చుగల్ జాతీయ దినం, అది ఆయన పోయిన తేదీ (1580). స్వాతంత్ర్య దినం అని రాయకూడదు.

పెస్సోవా చార్టులో అల్బెర్తు కయైరు, రికార్దు రెయిష్, ఆల్వరు ద కాంపుష్ అనే ముగ్గురు కవుల్ని వేరే మనుషులుగా చూపిస్తుంటారు. ముగ్గురూ ఆయన సృష్టించినవాళ్లే. కలంపేర్లు అన్నా తప్పే. ఒక్కొక్కరికీ పుట్టిన ఏడాది, వృత్తి, శైలి విడిగా ఇచ్చాడు: రెయిష్ వైద్యుడు, కాంపుష్ గ్లాస్గోలో చదివిన నౌకా ఇంజినీరు.

సరమాగోకు 1998 నోబెల్ వచ్చింది. పోర్చుగీసు భాషకు సాహిత్యంలో దక్కిన నోబెల్ అదొక్కటే. ఆయన వాక్యం చార్టు మీద పెట్టాలనుకుంటే ఒక ఇబ్బంది ఉంది. సంభాషణకు కొటేషన్ గుర్తులు వాడడు. కామా పెట్టి, తర్వాతి మాటను పెద్ద బడి (కేపిటల్) అక్షరంతో మొదలుపెడతాడు, దాన్నిబట్టే మనిషి మారాడని తెలుస్తుంది. మన లిపిలో పెద్ద బడి, చిన్న బడి లేవు కదా, అలాగే దించితే ఎవరు మాట్లాడుతున్నారో అంతుపట్టదు. కామా ఉంచి, మాట మారిన చోట పిలుపు తెచ్చే పదం (అయ్యా, ఏమోయ్, సరే) ముందుకు జరిపితే కొంత తేటపడుతుంది. కొటేషన్లు పెట్టేస్తే చదవడం తేలికే గానీ ఆయన గొంతు పోతుంది.

మూడో కూడలి:
రాజకీయం క్లుప్తంగా. సలజార్ 1932 నుంచి 1968 దాకా ప్రధాని, నియంత. గోవాను వదలనన్నది అతనే, 1961 డిసెంబరు 19న విముక్తి జరిగింది. 1974 ఏప్రిల్ 25 విప్లవం అతన్ని దించిందని రాస్తారు, అది తప్పు. అతను 1970లోనే పోయాడు, దిగిపోయింది అతని తర్వాత ప్రధాని అయిన కయెతాను. మరియా ద లూర్దెష్ పింతసీల్గు 1979–80లో ప్రధాని, ఆ పదవి చేపట్టిన ఏకైక మహిళ, కెమికల్ ఇంజినీరు. మీ లోటు ఇక్కడ కూడా కొంత తీరుతుంది.

గుటెరస్ 1995–2002 ప్రధాని, 2005–15 శరణార్థుల హైకమిషనర్, 2017 జనవరి 1 నుంచి ఐరాస ప్రధాన కార్యదర్శి. ఆ పదవీకాలం గడువు 2026 డిసెంబరు 31. మాజీ ప్రధాని ఆంతోనియు కోష్త తండ్రి గోవా మూలాలున్న రచయిత, కోష్తకు 2017లో ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీయులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఇచ్చారు.

మాజెల్లాన్ పుట్టుక పోర్చుగల్, 1519 యాత్ర స్పెయిన్ తరఫున. భూమి చుట్టి రాలేదు, 1521 ఏప్రిల్ 27న మక్తాన్‌లో (నేటి ఫిలిప్పీన్స్) చనిపోయాడు. 1522లో ఓడను తిరిగి తెచ్చింది ఎల్కానో. గామా చార్టులో 1498తో పాటు 1502 కూడా రాయాలి: మక్కా నుంచి వస్తున్న ‘మీరీ’ ఓడను యాత్రికులతో సహా తగలబెట్టించాడు.

నోబెల్ ప్రశ్న వేస్తే పోర్చుగల్‌కు జవాబు రెండే, మోనిజ్, సరమాగో. 1996 శాంతి బహుమతి పొందిన బెలో, రామోస్ హోర్తా తూర్పు తిమోర్ వాళ్లు.

గ్రంథాలయ మూల:
అందరికీ ధన్యవాదాలండి. ఫిగో, మౌరిన్హో బదులు లోపెస్, రోజా మోతా. సలజార్ బదులు పింతసీల్గు. మాజెల్లాన్ చార్టు నూనెష్‌కు ఇస్తున్నాను. కొలతబద్ద గారూ, నోనియస్‌ను అట్టముక్క మీద పిల్లలు చేయగలరా?

కొలతబద్ద:
చేయొచ్చండి. 44 చాపాల జోలికి వెళ్లొద్దు, నాలుగు చాలు: 90, 80, 75, 72 భాగాలు. ఒక్కో భాగం వరసగా 1, 1.125, 1.2, 1.25 డిగ్రీలు. 30 సెం.మీ. వ్యాసార్థంతో బయటి చాపం గీసి, 2 సెం.మీ. చొప్పున లోపలికి జరగండి. అదే వ్యాసార్థం ఉంచిన కంపాస్‌తో చాపం మొదటి నుంచి కోస్తే 60 డిగ్రీలు వస్తుంది, దాన్ని సగం చేస్తూ 30, 15 గుర్తించి, మిగతావి వాటితో సరిచూసుకోండి.

కంపాస్ ఒకే వెడల్పు ఉంచి గీత తర్వాత గీత వేసుకుంటూ పోకండి. ఒక్కో గీతకు 0.1 మి.మీ. తప్పినా 72వ గీతకు 7 మి.మీ. పక్కకు పోతుంది. ప్రతి గీతా సున్నా నుంచే కొలవాలి. కేంద్రంలో సన్నటి దారం కట్టి చివర బోల్టు వేలాడదీసి, ఒక అంచు వెంట కొబ్బరి చెట్టు కొన వైపు గురిపెట్టి, దారం ఏ చాపం గీత మీద సరిగ్గా పడిందో చూడమనండి. 0.5 మి.మీ. పెన్సిల్ గీత ఆ వ్యాసార్థం దగ్గర 6 నిమిషాల కోణం కప్పేస్తుంది కాబట్టి పావు డిగ్రీ వరకే నమ్మాలి. గాలి లేని వరండాలో చేయించండి, దారం ఊగితే అదీ రాదు.