మోనీమస్క్ ట్యూన్: నోట్స్ ప్రకారమే వాయిస్తున్నా అపశ్రుతి, తెలిసినవాళ్లు చెప్పండి

గ్రానైట్_తెలుగోడు:
సాయంత్రం నుంచి ఇదే పని, తల వేడెక్కిపోయింది. శనివారం మా అబర్డీన్ (స్కాట్లాండ్) ఆఫీసులో కేలీ, అంటే ఇక్కడి జానపద సంగీతం, డ్యాన్సుల పార్టీ. ఊరికి పడమటనే ఉన్న మోనీమస్క్ అనే పల్లె పేరుతో ఉన్న ట్యూన్ వయొలిన్ మీద వాయిస్తానని ఒప్పేసుకున్నా. స్టాఫ్ నొటేషన్‌లో (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) రాసిన వేళ్లే పెడుతున్నా. పై రెండు తీగల మీద బాగానే ఉంటుంది, మూడో తీగకి దిగగానే అపశ్రుతి. పైగా రికార్డింగ్‌లో సాఫీగా పరుగెడుతుంది, కాగితం మీదేమో ప్రతి బీటూ కుంటుతుంది. కర్ణాటక సంగీతంలో వర్ణాలు మూడు కాలాల్లో వాయించేవాణ్ణి. నొటేషనే తప్పా?

కమాను:
శ్రుతి ఎలా చేశారు?

శంకరాభరణం_శాస్త్రి:
బాబూ, ఇది మనకి కొత్త కాదు. బాలుస్వామి దీక్షితార్ మద్రాసులో యూరోపియన్ల దగ్గర వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. అన్నగారు ముత్తుస్వామి దీక్షితార్ ఆ బ్యాండు వరసలకి సంస్కృత సాహిత్యం కట్టారు, అవే నోట్టుస్వరాలు. అన్నీ శంకరాభరణమే. ముందు అవి సాధన చెయ్యి.

కమాను:
శ్రుతి?

గ్రానైట్_తెలుగోడు:
మామూలేనండీ, స-ప-స-ప.

కమాను:
పాశ్చాత్యుల వయొలిన్ తీగల శ్రుతి జి-డి-ఎ-ఇ. ఏ రెండు పక్క తీగలు తీసుకున్నా మధ్యలో పంచమం (స నుంచి ప దాకా ఉన్న దూరం). మనకి నడిమి రెంటి మధ్య మధ్యమమే (ప నుంచి పై స దాకా). వేళ్లు తేడా కొట్టేది అక్కడే. ట్యూనర్ పెట్టి మార్చుకోండి.

రీల్_రాజా:
స్పీడు సంగతి ఎవరూ చెప్పరేం? అది స్ట్రాత్‌స్పే, అంటే నెమ్మదిగా సాగే స్కాటిష్ డ్యాన్స్ వరస. చిన్న స్వరం ముందు, దీర్ఘం వెనక, ఆ విరుపే దాని ప్రాణం. మీరు విన్నది అమెరికా కాంట్రా డ్యాన్స్ (అక్కడి ఓ జానపద నృత్యం) వాళ్లది అయ్యుంటుంది, అక్కడ దాన్ని చదును చేసి రీల్‌లా, అంటే వేగంగా సాగే డ్యాన్స్ వరసలా లాగించేస్తారు.

గోదారి_ఫిడిల్:
1776లో దీన్ని కట్టిన డేనియల్ డౌ అచ్చేసినప్పుడు పేరు 'సర్ ఆర్చిబాల్డ్ గ్రాంట్ ఆఫ్ మోనీమస్క్స్ రీల్'. కట్టినాయనే రీల్ అంటే మధ్యలో మీ స్ట్రాత్‌స్పే ఏంటి?

రీల్_రాజా:
అప్పట్లో 'స్ట్రాత్‌స్పే రీల్' అనేవాళ్లు సార్. ఇప్పటికీ ఆ పేరుతో ఉన్న స్కాటిష్ కంట్రీ డ్యాన్స్ స్ట్రాత్‌స్పేనే. కేలీలో జనం దేనికి అడుగులేస్తారో ముందు కనుక్కోమనండి.

గోదారి_ఫిడిల్:
పేరులో ఉన్నది మాత్రం రీలే.

గ్రానైట్_తెలుగోడు:
శ్రుతి మారుస్తుంటే ఇ తీగ తెగింది. రేపు షాపుకెళ్లాలి. థాంక్సండీ.

శంకరాభరణం_శాస్త్రి:
పనిలో పనిగా 'శక్తి సహిత గణపతిం' అనే నోట్టుస్వరం కూడా వాయించు నాయనా, వాళ్లూ వింటారు.