ఆర్వో ట్యాంకు నిండిన తర్వాత కూడా మోరీలోకి నీళ్లు పోతుంటే వాల్వు మార్చాలా, రాత్రిపూట నల్లా కట్టేస్తే చాలా?

పానగల్లు కోడలు
మాది నల్లగొండ. పైటాంకులో మిషన్ భగీరథ నల్లా నీళ్లూ బోరు నీళ్లూ కలిసిపోతాయి కాబట్టి, ఫ్లోరైడు భయంతో వంటింట్లో ఆర్వో పెట్టించుకున్నాము. నెల రోజులుగా ట్యాంకు నిండి, పంపు చప్పుడు ఆగిన తర్వాత కూడా వృథా నీటి గొట్టం కొస నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. నిన్న రాత్రి ప్లగ్గు తీసేసి, గొట్టం కింద 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు పెడితే పది నిమిషాల్లో నిండింది. వచ్చిన మెకానిక్ మెంబ్రేన్ (నీటిలోని ఉప్పును వడకట్టే పొర) పోయిందని, 2,400 రూపాయలు అవుతుందని చెప్పాడు. మా మామయ్య గారేమో రోజూ పడుకునే ముందు గోడకున్న చేతి వాల్వు కట్టేస్తే పైసా ఖర్చు లేదంటున్నారు. ఎవరి మాట వినాలో చెప్పగలరు.

పాలమూరు పంతులు
మీ మామయ్య గారి మాటే సబబు. మీ లెక్క ప్రకారం గంటకు 1.2 లీటర్లు, రోజుకు దాదాపు 29 లీటర్లు, అంటే రెండు బిందెలకు పైగా మోరీ పాలవుతున్నాయి. ఎండాకాలంలో ఒక్క బిందె కోసం ట్యాంకరు దగ్గర నిలబడిన జిల్లాల వాళ్లం మనం. చేతితో కట్టిన నల్లా మోసం చేయదు. కరెంటుతో నడిచే వాల్వును నమ్ముకున్నవారు ఎప్పుడో ఒకప్పుడు తడి నేల తుడుచుకోవలసిందే.

దేవరకొండ రిపేర్లు
అమ్మా, మెంబ్రేన్ జోలికి వెళ్లకండి. ప్లగ్గు తీసేసినా కారుతున్నదని మీరే రాశారు, జవాబు అందులోనే ఉంది. మెంబ్రేన్ నీటిని ఆపే వస్తువు కాదు. లోపలికి వచ్చే నీటిని ఆపేది పంపుకు ముందు ఉండే సోలినాయిడ్ వాల్వు, మేము ఎస్వీ అంటాము. అందులో రూపాయి బిళ్లంత రబ్బరు పొర, దాని మధ్యలో సన్నని రంధ్రం, ఆ రంధ్రం మీద స్ప్రింగుతో నొక్కి ఉంచిన ఇనుప ముక్క ఉంటాయి. 24 వోల్టుల కరెంటు తీగచుట్టలోకి రాగానే ఆ ముక్క పైకి లేస్తుంది, రంధ్రం తెరుచుకొని పొర పైనున్న ఒత్తిడి తగ్గుతుంది, కింది నీరు పొరను లేపుకొని ముందుకు పోతుంది. కరెంటు ఆగగానే స్ప్రింగు రంధ్రాన్ని మూస్తుంది, అంచున ఉండే మరో చిన్న రంధ్రం గుండా నీరు పొర పైకి చేరి, తన ఒత్తిడితోనే దాన్ని కిందికి అదిమి దారి మూసేస్తుంది. కాబట్టి కరెంటు లేనప్పుడు ఈ వాల్వు మూసే ఉండాలి. మీ దాంట్లో పొర కింద ఇసుక రేణువో, ఉప్పు పెచ్చో ఇరుక్కొని ఉంటుంది.

పంపు ఆగినంత మాత్రాన నీరు ఆగదు. పైటాంకు ఎత్తు ఇచ్చే కొద్దిపాటి ఒత్తిడికే అది పంపు గుండా, మెంబ్రేన్ పక్కనుంచి జారి మోరీలోకి పోతుంది. ఆ ఒత్తిడికి మెంబ్రేన్‌లోంచి మంచినీరు దాదాపు రాదు కనుక, వచ్చినదంతా వృథాయే.

సూర్యాపేట నాన్న
క్షమించాలి, దేవరకొండ గారు చెప్పింది తప్పు. నేను టెక్సాస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఆరు నెలలు ఉండి వచ్చాను. అక్కడి ఆర్వో వాల్వుకు కరెంటే అక్కర లేదు. సింకు కింద ఉక్కు ట్యాంకులోని ఒత్తిడి, నల్లా ఒత్తిడిలో సుమారు మూడింట రెండు వంతులకు చేరగానే వాల్వు తనంతట తానే మూసుకుంటుంది. వీరు కరెంటు, స్ప్రింగు అంటూ అనవసరంగా భయపెడుతున్నారు.

దేవరకొండ రిపేర్లు
సార్, మీరు చూసినది వేరే వాల్వు. మీ అబ్బాయి ఇంట్లోని ట్యాంకు లోపల గాలి సంచి ఉంటుంది, అందుకే అది నిండేకొద్దీ ఎదురు ఒత్తిడి పుడుతుంది. మన గోడ మిషన్లలో ఉండేది మామూలు ప్లాస్టిక్ డబ్బా, అందులో ఒత్తిడి పుట్టదు. అందుకే అది నిండిందని చెప్పడానికి తేలే బుడ్డి స్విచ్చు, నీటిని ఆపడానికి కరెంటు వాల్వు పెడతారు.

సూర్యాపేట నాన్న
అయినా కరెంటు అక్కర లేని వాల్వు ఉన్నదా లేదా అన్నదే నా ప్రశ్న. ఉన్నదని మీరే ఒప్పుకున్నారు.

మిర్యాలగూడ
ఆయన టెక్సాస్ నుంచి ఇంకా దిగి రాలేదు.

పాలమూరు పంతులు
రబ్బరు పొర, రంధ్రం, స్ప్రింగు, తీగచుట్ట: పాడవడానికి ఇన్ని వస్తువులు ఉన్నప్పుడు, ఒక్క పిడి తిప్పితే పోయే పనికి ఇంత శాస్త్రం ఎందుకు? నా అనుభవం చెబుతాను. రెండేళ్ల కిందట మా ఇంట్లో ఇదే జబ్బు వస్తే, వచ్చినవాడు మొదట ఫిల్టర్లు మార్చాడు, తర్వాత పంపు మార్చాడు, మూడోసారి మెంబ్రేన్ మార్చాడు. మొత్తం 6,000 దాటింది, కారడం మాత్రం ఆగలేదు. కారడం మొదలైన రోజు నుంచి నేను చేతి వాల్వునే నమ్ముతున్నాను. వాల్వులు అమ్ముకునేవారికి వాల్వే పాడైనట్టు కనిపించడంలో వింత లేదు.

దేవరకొండ రిపేర్లు
నేను షాపు మూసి నాలుగేళ్లయింది, పంతులు గారూ. ఇప్పుడు బత్తాయి తోట చూసుకుంటున్నాను, మీకు అమ్మడానికి నా దగ్గర కాయలు తప్ప వాల్వులు లేవు. మీ ఇంటికి వచ్చినవాడు మోసగాడే, కాదనను. కానీ అతను మార్చనిది ఏమిటో మీరే చూడండి: 300 రూపాయల ఎస్వీ ఒక్కటే.

ఇంకో మాట. చేతి వాల్వు కట్టేసి, ప్లగ్గు అలాగే ఉంచితే ఏమవుతుంది? తెల్లవారుజామున ఎవరో నాలుగు చెంబులు పట్టుకుంటారు, బుడ్డి కిందికి దిగుతుంది, పంపు మొదలవుతుంది, లోపలికి నీరు రాదు. నీటి ఒత్తిడి లేనప్పుడు పంపును ఆపే స్విచ్చు ఒకటి ఉంటుంది, నిజమే. కానీ పైటాంకు ఎత్తు తక్కువ ఉన్న ఇళ్లలో అది మాటిమాటికీ పంపును ఆపేస్తుందని, చాలామంది మెకానిక్‌లు దాని రెండు వైర్లూ కలిపేసి పోతారు. అప్పుడు పంపు నీళ్లు లేకుండా తిరిగి వేడెక్కుతుంది. మీ పంపు ఎందుకు పోయిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

పాలమూరు పంతులు
పొద్దున లేవగానే వాల్వు తెరవాలన్న క్రమశిక్షణ ఇంట్లో ఉంటే ఏ పంపూ కాలదు. ఒక్కరోజు మరిచిపోయినందుకు వాల్వును నిందించడం సరికాదు.

పానగల్లు కోడలు
పంతులు గారూ, పెద్దవారు, మన్నించండి, ఒక్క ప్రశ్న. ఆ చేతి వాల్వు మా ఇంట్లో ఫ్రిజ్ వెనుక, నా తల కంటే పైన ఉంది. రాత్రి గిన్నెలు తోమి, పొయ్యి గట్టు తుడిచి, పాలు తోడు పెట్టిన తర్వాత స్టూలు ఎక్కి దాన్ని కట్టేది నేను. పొద్దున ఐదింటికి మళ్లీ ఎక్కి తెరిచేదీ నేనే. పైసా ఖర్చు లేదని అన్నవారెవరూ ఇంతవరకు ఆ స్టూలు ఎక్కలేదు. మీ ఇంట్లో రోజూ ఎవరు తిప్పుతున్నారు?

పాలమూరు పంతులు
మా ఆవిడ.

మిర్యాలగూడ
అయిపోయింది.

పాలమూరు పంతులు
అయిపోలేదు. నా వాదం నీటి గురించి, స్టూలు గురించి కాదు. మా వాల్వు చేతికి అందే ఎత్తులోనే ఉంది. అయితే పంపు కాలిన రోజు ఆమెకు జ్వరమని, తెరవవలసింది నేనని, నేను మరిచిపోయానని ఇక్కడ దాచడం న్యాయం కాదు కాబట్టి రాస్తున్నాను.

దేవరకొండ రిపేర్లు
అమ్మా, నీటిలో కరిగిన ఉప్పుల మోతాదు చూపే టీడీఎస్ మీటరు ఉంటే ఇంకో పరీక్ష చేయండి. పంపు నడిచేటప్పుడు వచ్చే వృథా నీటి సంఖ్య పైటాంకు నీటి కంటే ఎక్కువ ఉండాలి, ఎందుకంటే నాలుగు లీటర్లలో ఒక లీటరు మంచినీరు పోతే ఉప్పంతా మిగిలిన మూడింటిలో చేరుతుంది. పంపు ఆగిన గంట తర్వాత కారే నీటి సంఖ్య పైటాంకు నీటితో సమానంగా ఉంటే, అది ఎస్వీని దాటి నేరుగా వస్తున్న నీరే. మిషన్ కరెంటు తీసేసి, చేతి వాల్వు కట్టేసి, పాత ఎస్వీ గొట్టాలు ఊడదీసి కొత్తది బిగించండి. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, నీరు పోయే దిక్కుకే అది చూపాలి. తిరగేసి బిగిస్తే కొత్తది కూడా ఆపదు. దానికి ముందుండే ఫిల్టరు కూడా చూడండి, రేణువు వచ్చింది అందులోంచే.

పానగల్లు కోడలు
మీటరు పక్కింటివారి దగ్గర దొరికింది. పైటాంకు నీరు 840, పంపు నడిచేటప్పుడు వృథా నీరు 1,090, ఆగిన గంటకు కారుతున్నది 845. ఈ రోజు మా వారు కొత్త వాల్వు తెచ్చి బిగించారు. పాతదాని రబ్బరు పొర కింద ఆవగింజలో సగమంత తెల్లటి పెచ్చు కనిపించింది. కొత్తది వేశాక కూడా పది నిమిషాల్లో గ్లాసులో కొన్ని చుక్కలు పడ్డాయి, అది సరేనా?

దేవరకొండ రిపేర్లు
గొట్టంలో, మెంబ్రేన్ డబ్బాలో మిగిలిన నీరు అది. అరగంట ఆగి మళ్లీ పెట్టండి.

పానగల్లు కోడలు
అరగంట తర్వాత గ్లాసు పొడిగా ఉంది. మామయ్య గారు వచ్చి, గ్లాసులో వేలు పెట్టి చూసి, అయినా రాత్రికి నల్లా కట్టేయమన్నారు. స్టూలు ఆయన గదిలో పెట్టి వచ్చాను.