కన్సోల్ ప్రోగ్రాములో మౌస్ బటన్ నొక్కడాన్ని, వదలడాన్ని వేరుగా పట్టుకోవడం ఎలా?

ప్రశ్న (గుంటూరు):
నమస్కారమండి. మిర్చి యార్డులోని ఒక కమీషన్ దుకాణం కోసం, ఆ రోజు వచ్చిన లాట్లను, వాటి టిక్కీల (బస్తాల) లెక్కను వరుసలుగా చూపే కన్సోల్ ప్రోగ్రామును, అంటే అక్షరాలతోనే కమాండ్ విండోలో నడిచే దాన్ని, విండోస్‌లో సీ++తో రాస్తున్నాను. గుమాస్తా ఏ వరుస మీద ఎడమ బటన్ నొక్కితే ఆ లాటు వివరాలు తెరుచుకోవాలి. మౌస్ ఇన్‌పుట్ మోడ్ పెట్టి, రీడ్‌కన్సోల్‌ఇన్‌పుట్ అనే విండోస్ ఫంక్షన్‌తో ఈవెంట్లు (మౌస్ నొక్కు, కదలిక వంటి కబుర్లు) చదువుతున్నాను. అయినా కొన్ని కంప్యూటర్లలో నొక్కగానే అక్కడి అక్షరాలు సెలెక్ట్ అయి ప్రోగ్రాము నిలిచిపోతోంది. మిగిలిన వాటిలో, బటన్ నొక్కిపట్టి కాస్త కదిపితే చాలు, అదే లాటు మళ్లీ మళ్లీ తెరుచుకుంటోంది. ఈవెంట్‌తో వచ్చే బటన్ స్టేట్ అనే సంఖ్యలో మొదటి బిట్ (ఎడమ బటన్‌ది) 1 అయిందా లేదా అన్నది మాత్రమే చూస్తున్నాను.

జవాబు (విజయవాడ):
మొదటి సమస్యకు కారణం క్విక్ ఎడిట్ మోడ్. అది ఆన్‌లో ఉంటే మౌస్ నొక్కుళ్లను కన్సోలే కాపీ కోసం వాడుకుంటుంది కాబట్టి అవి మీ ప్రోగ్రాము దాకా రావు; పైగా సెలెక్షన్ ఉన్నంతసేపు తెరమీద రాసే పని ఆగిపోతుంది. సెట్‌కన్సోల్‌మోడ్ ఫంక్షన్‌కు ఇచ్చే విలువలో క్విక్ ఎడిట్‌కు చెందిన 0x0040 తీసివేసి, మౌస్ ఇన్‌పుట్‌కు 0x0010తో పాటు ఎక్స్‌టెండెడ్ ఫ్లాగ్స్ 0x0080 కూడా తప్పక కలపండి. పాత మోడ్‌ను ముందే దాచుకుని, ప్రోగ్రాము ముగిసేటప్పుడు తిరిగి పెట్టండి. లేకపోతే ఆ కమాండ్ విండోలో గుమాస్తా తర్వాత చేసే పనులకు మౌస్‌తో కాపీ చేసుకునే వీలు పోతుంది.

జవాబు (విజయవాడ, మరొకరు):
పై మాట సరైనదే. రెండో సమస్య గురించి చెబుతాను. బటన్ స్టేట్ అంటే ఆ క్షణాన ఏ బటన్లు నొక్కి ఉన్నాయన్న సమాచారమే గాని, ఇప్పుడే నొక్కారన్న కబురు కాదు. నొక్కిపట్టి కదిపినప్పుడు వచ్చే ప్రతి కదలిక ఈవెంట్‌లోనూ ఆ బిట్ 1గానే ఉంటుంది. వదిలినప్పుడు ప్రత్యేకమైన ఈవెంట్ రకమేదీ లేదు, బిట్ 0 అవుతుందంతే. అందువల్ల గత స్టేట్‌ను ఒక వేరియబుల్‌లో ఉంచుకుని, 0 నుంచి 1కి మారితే నొక్కినట్టు, 1 నుంచి 0కి మారితే వదిలినట్టు లెక్కించండి. చక్రం తిప్పిన ఈవెంట్‌లో పై 16 బిట్లు తిప్పిన దిశను తెలుపుతాయి కనుక, మొత్తం విలువను కాక కావలసిన బిట్‌ను మాత్రమే పోల్చండి. ఈవెంట్ ఫ్లాగ్ (ఈవెంట్ రకాన్ని తెలిపే సంఖ్య) 0 అయితేనే నొక్కినట్టు అనుకోవడం చాలదు. వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే రెండో నొక్కు డబుల్ క్లిక్ ఫ్లాగ్‌తో, అంటే 2తో వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండి, రెండూ సరిపోయాయి. అయితే పట్టిక పొడవై తెర కిందికి జరిగాక, నొక్కిన చోటికి, వరుస సంఖ్యకు పొంతన కుదరడం లేదు.

జవాబు (విజయవాడ, మరొకరు):
మౌస్ స్థానం కన్సోల్ బఫర్ (పైకి జరిగిపోయిన వరుసలతో సహా మొత్తం రాత ఉండే చోటు) మొదటి గడి నుంచి లెక్కకు వస్తుంది, కనిపించే కిటికీ నుంచి కాదు. మీ వరుసలను కిటికీ పైఅంచు నుంచి లెక్కిస్తున్నారేమో చూడండి. అలాగైతే గెట్‌కన్సోల్‌స్క్రీన్‌బఫర్‌ఇన్ఫో ఇచ్చే కిటికీ పైఅంచు విలువను మౌస్ వై నుంచి తీసివేయండి.