ట్లింగిట్ వేల్ హౌస్ పాత ఫోటో వాడుకోవాలంటే ఎవరిని అడగాలి?

జూనోలోని అలాస్కా స్టేట్ లైబ్రరీలో ఉన్న వింటర్, పాండ్ అనే ఇద్దరు ఫోటోగ్రాఫర్ల పాత ఫోటోలతో పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. 1893లో అక్కడ స్టూడియో పెట్టిన ఈ ఇద్దరూ బంగారం కోసం వచ్చిన జనాన్నీ, అలాస్కా ఆదివాసులైన ట్లింగిట్ కుటుంబాలనూ ఎంతో ఓపిగ్గా ఫోటోలు తీశారు. నాకు కావాల్సింది క్లక్వాన్ అనే ట్లింగిట్ ఊళ్లోని వేల్ హౌస్ (ఒక వంశం ఉమ్మడి ఇల్లు) లోపలి ఫోటో, వెనకాల మధ్యలో గుండ్రటి చిన్న ద్వారం ఉన్న పెద్ద చెక్క తెర, చెక్కిన స్తంభాలు, ముందు వేడుక దుస్తుల్లో మనుషులు.

అంత పాత ఫోటోకి కాపీరైట్ అడ్డు రాకపోవచ్చు. కానీ ఆ తెర, స్తంభాలు ఒక వంశం ఉమ్మడి సొత్తు, 1984లో వాటిని ఊరు దాటించేస్తే ఊరివాళ్లు కోర్టుకెక్కి మరీ వెనక్కి తెచ్చుకున్నారు, అలాంటివాళ్లను అడక్కుండా నా తెలుగు వ్యాసంలో వేసేయడానికి మనసొప్పడం లేదు. లైబ్రరీ అనుమతి సరిపోతుందా, క్లక్వాన్ పెద్దలకూ రాయాలా? రాయాలంటే ఎవరి ద్వారా వెళ్లడం మర్యాద?