క్లచ్ ప్లేటు అరిగిందంటున్నారు, సీలు కారింది కదా?

విజయనగరం రిజిస్ట్రేషన్ డీజిల్ కారు, వారంటీ ఇంకా ఉంది. క్లచ్ జారుతోందని గేర్‌బాక్స్ దించితే, బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గేర్‌బాక్స్ తొడుగు) లోపలి స్లేవ్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసేది) సీలు కారి ప్లేటంతా బ్రేక్ ఆయిల్‌తో తడిసి ఉంది. రిజర్వాయర్‌లో మట్టం కూడా పడిపోయింది. సర్వీస్ సెంటర్ మాత్రం ‘ప్లేటు అరిగే వస్తువు, వారంటీ రాదు’ అంటూ మొత్తం బిల్లు మా మీదే వేసింది.

అరుగుదలే అయితే ప్లేటు మీది లైనింగ్ (రాపిడి పొర) రివెట్ల తలల దాకా అరిగి ఉండాలి. ఇక్కడ మందం బాగానే ఉంది. సీలు పోవడానికీ డ్రైవరు కాలికీ సంబంధమేంటో వాళ్లకే తెలియాలి.

ఇలాంటి కేసులో సిలిండర్‌తో పాటు ప్లేటు కూడా వారంటీలో సాధించినవాళ్లున్నారా? తిరస్కరణ కారణం జాబ్ కార్డు మీదే రాయించాలా, ఈమెయిల్ సరిపోతుందా? షోరూము విశాఖలో ఉన్నా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, గడువు 2 ఏళ్లు, అంతవరకు తెలుసు. ల్యాబ్ పరీక్షకు పంపేదాకా పాత ప్లేటు ఎవరి దగ్గర ఉండాలి? ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి బిల్లు కట్టి బండి తెచ్చేసుకుంటే కేసు బలహీనపడుతుందా? శ్రీకాకుళం, విజయనగరం వైపు వకీళ్లు, మెకానిక్కులు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.