పాముకాటు మందు మీ పీహెచ్‌సీలో ఉందా? చూసినోళ్లు చెప్పండి

బుడ్డల చేను, కళ్యాణదుర్గం పక్క:
బుడ్డలు (వేరుశనగ) పెరికే పని మొదలైంది. కూలోళ్లు పొద్దు పొడవకముందే చేన్లోకి దిగుతాండారు. పెరికిన కట్టె ఎత్తితే కింద చిన్న పింజరి పాము చుట్ట చుట్టుకోని ఉంటాది, పొలుసులు రాసుకుంటా గరగరమంటే తప్ప తెలీదు. పోయినేడు పక్కూర్లో ఒకామెను కరిస్తే, దారిలో ఉన్న పీహెచ్‌సీ వదిలేసి నేరుగా అనంతపురం పెద్దాస్పత్రికి తీసకపోయినారు. బతికింది గానీ, చేరేసరికే చిగుళ్లలోనుంచి నెత్తురు కారుతాండె. అందుకే అడుగుతాండా. మన పక్క పీహెచ్‌సీల్లో యాంటీ వీనమ్ నిజంగా ఉంటాదా? ఉంటే వేస్తారా, చీటీ రాసి పైకి పంపిస్తారా? చూసింది చెప్పండి, వాట్సాప్‌లో వచ్చింది వద్దు.

గుత్తి గాలి:
మా చిన్నాయనకు మడమ పైన కరిచింది, పింజరే. పీహెచ్‌సీలో మందుండె, డాక్టర్ లేడు. నర్సమ్మ ఆయనకు ఫోన్ కలిపి, చెప్పింది చెప్పినట్టు మొదలుపెట్టింది. పది సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కించినారు. సగంలో ఒళ్లంతా దద్దుర్లు, వణుకు. ఆపి, వేరే సూది వేసి, తగ్గినాక మళ్లా నిదానంగా ఎక్కించినారు. ఆ తర్వాతే 108లో పైకి పంపినారు. పైసా కాలేదు.

ఉరవకొండోడు:
మాకు అట్ల జరగల్యా. "స్టాక్ అయిపోయింది, పోండి" అన్న్యారు. అంతే.

నైట్ డ్యూటీ నర్స్:
సీహెచ్‌సీలో, అంటే పీహెచ్‌సీ కంటే పెద్ద ఆస్పత్రిలో పని చేస్తున్నాను, ఊరు చెప్పను. పాము ఏ రంగు, ఎంత పొడవు అని మేమూ అడుగుతాం గానీ, చీకట్లో చూసినవాళ్ల మాట మీద మందు మొదలుపెట్టలేం. నమ్మేది గాజు ట్యూబునే. రాగానే 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కొత్తది, పొడిగా ఉన్న గాజు ట్యూబులో పోసి 20 నిమిషాలు కదపకుండా నిలబెడతాం. తర్వాత ఒక్కసారి వంచి చూస్తాం. గడ్డకట్టి కదలకుంటే కొంత ఊపిరి పీల్చుకుంటాం, అయినా ఇంటికి పంపం, మళ్లీ మళ్లీ చేస్తాం, రోజంతా కనిపెట్టుకుని ఉంటాం. నీళ్లలా జారితే పింజరి విషం పని చేస్తున్నట్టే, మందు మొదలు. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు, సబ్బుతో కడిగిన గాజు ట్యూబూ పనికిరాదు, రెండూ తప్పు చెబుతాయి. మందు ఎక్కించిన ఆరు గంటలకు మళ్లీ ఇదే పరీక్ష.

పిల్లలకు డోసు తగ్గించరా అని ప్రతి తల్లీ అడుగుతుంది. తగ్గించం. పిల్లోడు కదా అని పాము విషం తక్కువ వదలదు.

స్టాక్ సంగతి కూడా చెబుతా, ఉరవకొండ తమ్ముడికి కోపం వచ్చినా సరే. పోయినేడు రిజిస్టర్లో ఎన్ని కేసులుంటే ఈ ఏడు మేం ఇండెంట్, అంటే ఇన్ని సీసాలు కావాలని పైకి రాసే పత్రం, ఆ లెక్కనే పెడతాం. "గుర్తు తెలియని పురుగు కాటు" అని రాసి పైకి పంపిన కేసు ఆ లెక్కలోకి రాదు. ఇంకొకటి, "కరెంటు ఉండదు, అందుకే పెట్టుకోలేదు" అంటే ఒప్పుకోవద్దు. ద్రవంగా వచ్చేదానికే ఫ్రిజ్ కావాలి. పొడిగా వచ్చే సీసాలను చల్లటి, వెలుతురు పడని అరలో ఉంచితే చాలు.

తాడిపత్రి తాత:
మా నాయన పసరు పోసి ఊరంతా బతికించినాడు. అప్పుడు ఏ సీసాలుండె? మీరు సూదులనే నమ్మండి, కాదన్ను. ముందు కట్టు గట్టిగా కట్టి, ఆనక పోతే తప్పేంది?

పీజీ మెడిసిన్:
తాతా, కోపం వద్దు. మన చేలల్లో తిరిగే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివే. విషమున్నవి కూడా కొన్నిసార్లు విషం వదలకుండా ఉత్తి కాటు వేసి పోతాయి. వాళ్లంతా పసరు లేకున్నా బతికేవాళ్లే, పేరు మాత్రం పసరుకు వచ్చింది. కట్టు మాత్రం నిజంగా ప్రమాదం. పింజరి కాటుకు కాలు ఎలాగూ వాస్తుంది, పైన బిగించి కడితే రక్తం ఆడక కండ చచ్చిపోతుంది. కట్టు విప్పగానే విషం ఒక్కసారిగా పైకెక్కిన కేసులూ ఉంటాయి. గాటు పెట్టడం, నోటితో పీల్చడం కూడా వద్దు. ఉంగరాలు, మెట్టెలు, కడియాలు తీసేసి, విరిగిన కాలికి బద్ద కట్టినట్టు కదలకుండా ఉంచితే సరిపోతుంది.

రక్తపింజరి కాటుకు ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతింటాయి. డయాలిసిస్ దాకా వచ్చేవాళ్లలో చాలామంది మొదటి గంటలు నాటువైద్యుడి దగ్గర పోగొట్టుకున్నవాళ్లే.

కడప కోడలు:
మీరంతా పింజరి గురించే చెబుతున్నారు. కట్లపాము సంగతి వేరు. మా ఆడబిడ్డ నేల మీద పడుకుంది. తెల్లారి కడుపునొప్పి, వాంతులు. దద్దు లేదు, వాపు లేదు, గాటు లేదు. ఊర్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని సూది వేసి పంపినాడు. పదింటికల్లా రెప్పలు వాలిపోయినాయి, "కండ్లు తెరువు" అంటే నుదురు ముడత పడుతుంది గానీ రెప్ప లేవదు. మాట ముద్దముద్దగా వచ్చింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ముందు అడ్వాన్స్ కట్టమన్నారు, పేరెందుకులే. రిమ్స్‌కు తీసకపోతే వెంటిలేటర్ మీద పెట్టినారు. ఇప్పుడు బాగుంది. మా ఇంట్లో అందరికీ మంచాలు, దోమతెరలు వచ్చినాయి.

పీజీ మెడిసిన్:
అమ్మా, మీరు చెప్పింది పాఠంలో రాసినట్టే ఉంది. కట్లపాము కాటు నొప్పి ఉండదు, గాటు కనపడదు, రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. అంటే నర్సక్క గాజు ట్యూబు ఇక్కడ ఏమీ చెప్పదు, రెప్పలే చెబుతాయి. నేల మీద పడుకున్న మనిషికి పొద్దున్నే కడుపునొప్పి, రెప్పలు వాలడం కలిసి వస్తే పాము అనుకునే పరిగెత్తండి.

రాయదుర్గం బస్సు:
మేము బళ్లారి పోతాం, అదే దగ్గర. కర్ణాటకలో 2024 ఫిబ్రవరిలోనే పాముకాటును నోటిఫై చేసినారు, ప్రతి కేసూ ప్రభుత్వానికి చెప్పాలంట. మనకు?

లెక్కల మాస్టారు:
కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, 2030 నాటికి చావులు సగానికి తగ్గించడం లక్ష్యం. అదే ఏడు నవంబరులో, ప్రైవేటుతో సహా అన్ని ఆస్పత్రులూ కేసులు, మరణాలు తెలపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటు చావులు సుమారు 12 లక్షలని ఒక అధ్యయనం అంచనా, ఏడాదికి 58,000. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. ఆస్పత్రి రికార్డుల్లో కనపడేది ఇందులో కొంతే, ఎందుకంటే చాలామంది ఆస్పత్రి చేరకముందే పోతారు, లేదా నర్సమ్మ చెప్పిన పురుగు కాటు కింద పోతారు. పాముకాటుకు పెట్టిన 15400 హెల్ప్‌లైన్‌కు ప్రయోగాత్మకంగా ఎంచుకున్న ఐదింటిలో ఆంధ్రా ఉంది.

ఉరవకొండోడు:
లేఖలు రాస్తే సీసాలు వస్తాయా సారూ?

లెక్కల మాస్టారు:
రావు. కానీ కేసు రాయందే ఇండెంట్ పెరగదని పైన చదివావు కదా. నిన్ను వెనక్కి పంపిన రోజు నీ పేరు ఓపీ రిజిస్టర్లో ఎక్కించుకున్నారా? ఎక్కించుకోకుంటే నీ కేసు లేనట్టే.

హిందూపురం హీరో:
అమెరికాలో ఎవడో పాము విషం తనకే ఎక్కించుకున్నాడంట, ఆయన రక్తంతో అన్ని పాములకీ ఒకటే మందు వచ్చేసిందంట కదా?

పీజీ మెడిసిన్:
రాలేదు. ఆ పరిశోధన 2025లో ప్రచురించారు. పని చేసింది నాగు, కట్లపాము లాంటి జాతి మీద, అది కూడా ఎలుకల్లో. పింజరికి కాదు. వారెస్ప్లాడిబ్ అనే మాత్రను మన దేశంలోనూ పరీక్షించారు, మొత్తంగా అనుకున్న ఫలితం రాలేదు. ఇప్పటికి మనకున్నది గుర్రాల రక్తం నుంచి తీసే పాత మందే. దానికి విషం ఎక్కువగా చెన్నై దగ్గర ఇరుల తెగవాళ్ల సంఘం పట్టే పాములదే. ఒకే జాతి పాముకు ఊరు మారితే విషం కొంచెం మారుతుంది, అందుకే ప్రాంతాలవారీగా విష సేకరణ కేంద్రాలు కావాలంటున్నారు. నాకు ఆశ ఉన్నది మాత్ర కంటే దాని మీదే.

బుడ్డల చేను:
అందరికీ దండాలు. ఈరోజు మా పీహెచ్‌సీకి పోయి అడిగినా. పది సీసాలున్నాయి, గాజు ట్యూబులు లేవు. నర్సక్కా, ఒక డౌటు. రాత్రి పూట 108 లేటంటే బైకు మీద తీసకపోవచ్చా?

నైట్ డ్యూటీ నర్స్:
పోవచ్చు. మధ్యలో కూర్చోబెట్టి వెనక ఒకరు పట్టుకోవాలి. నడిపించొద్దు. బయల్దేరే ముందు ఆస్పత్రికి ఫోన్ చేసి మందుందో లేదో అడగండి. పామును చంపి సంచిలో తేవొద్దు, చచ్చిందనుకున్నది కరిచిన కేసు మా వార్డులోనే చూశాం. ట్యూబులు పెద్ద ఖరీదైన వస్తువు కాదు, మెడికల్ ఆఫీసర్‌ను అడిగి తెప్పించమనండి.