లోడ్ పెడితే 13.8 వోల్టులు 10.5కి పడిపోతున్నాయి: కెపాసిటరా, బ్రిడ్జా?

అందరికీ నమస్కారం. నా రేడియో సెట్‌కి వాడే పాత లీనియర్ పవర్ సప్లై మొరాయిస్తోంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫైయర్ (నాలుగు డయోడ్లు), ఆ డీసీని నునుపు చేసే 22,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, వోల్టేజీని స్థిరంగా ఉంచే 723 ఐసీ, దాని అదుపులో కరెంట్‌ని మోసే నాలుగు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు ఉన్నాయి.

లోడ్ (కరెంట్ లాగే పరికరం) లేకపోతే సరిగ్గా 13.8 వోల్టులే. రిసీవింగ్‌లోనూ ఇబ్బంది లేదు. ట్రాన్స్‌మిట్ నొక్కగానే 10.5కి పడి, అవతలివాళ్లకి నా గొంతు కన్నా హమ్మే (గుయ్‌మనే మోతే) ఎక్కువ వినిపిస్తోందట! సెట్ పాడవుతుందని భయమేసి తీసేశాను. ఇప్పుడు 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బులు రెండు కలిపి, అంటే సుమారు 9 ఆంపియర్ల లోడ్‌తో పరీక్షిస్తున్నాను. అదే తంతు.

ఆ లోడ్ మీద పెద్ద కెపాసిటర్ దగ్గర ఏసీ రేంజ్‌లో కొలిస్తే 3 వోల్టులు దాటి రిపుల్ (డీసీలో మిగిలిపోయిన హెచ్చుతగ్గులు) చూపిస్తోంది. నా లెక్క ప్రకారం ఒకటిన్నర లోపే ఉండాలి. అంటే లోపం 723 కన్నా ముందే ఉన్నట్టుంది; అందుకే 723ని, ట్రాన్సిస్టర్లని ఇంకా ముట్టుకోలేదు. కెపాసిటర్ ఎండిపోయిందా, లేక బ్రిడ్జిలో ఒక డయోడ్ ఓపెన్ అయి (లోపల తెగిపోయి) ఏసీలో సగం వేవే వస్తోందా? ఆసిల్లోస్కోప్ లేదు, మల్టీమీటర్ ఒక్కటే. ఏ భాగమూ ఊడదీయకుండా ఈ రెండిట్లో ఏదో తేల్చే దారి ఉంటే చెప్పండి.